ఆఫీసు కంప్యూటర్‌లో వాట్సాప్ తెరిచినందుకు రిజైన్ చేయాలా?

ప్రశ్న: మేడమ్, విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ సంస్థలో ఆరేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. జీతం 22,000. మాకు చెప్పకుండా మా కంప్యూటర్లలో ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టారు. పోయిన సోమవారం మేనేజర్ పిలిచి, నేను కరెంటు బిల్లు కట్టినవి, క్రికెట్ స్కోరు చూసినవి స్క్రీన్‌షాట్లు తీసి ముందు పెట్టారు. వాట్సాప్ వెబ్‌లో నా భార్యకు పెట్టిన మెసేజ్‌లు అందరి ముందూ చదివారు. నమ్మకం పోయిందంటూ ఈ నెల జీతంలో 4,000 కోశారు. రిజైన్ లెటర్ వాళ్లే టైపు చేసి ఉంచారు, సంతకం పెట్టకపోతే పోలీసు కేసు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ లెటర్ మీద సంతకం పెట్టకండి. ఇది చదివేసరికే పెట్టేసి ఉంటే, ఇవాళే కంపెనీకి మెయిల్ పంపండి: బలవంతం మీద సంతకం చేశాను, నేను రాజీనామా చేయలేదు, డ్యూటీకి వస్తాను అని రెండు వాక్యాలు చాలు. ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, వాళ్లు మిమ్మల్ని తీసేస్తే కారణం చూపాల్సింది వాళ్లు, మీరే మానేస్తున్నానని రాసిస్తే మాత్రం బలవంతం జరిగిందని నిరూపించుకునే భారం మీ నెత్తిన పడుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఈ ఒక్క సంతకం దగ్గరే దెబ్బతిని వస్తారు, ఆ ఫైళ్లు చూస్తే నిజంగా బాధేస్తుంది.

పోలీసు కేసు గురించి టెన్షన్ పడకండి. ఆఫీసు టైములో స్కోరు చూడటం, బిల్లు కట్టడం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదు. కాకపోతే ఒక్క జాగ్రత్త. ఇలాంటప్పుడు సాక్ష్యం భద్రపరుచుకుందామని కంగారులో ఆఫీసు ఫైళ్లు సొంత జీమెయిల్‌కి పంపుకుంటుంటారు. స్టాక్ లిస్టు, కస్టమర్ల లెడ్జర్ లాంటివి అనుమతి లేకుండా అలా కాపీ చేస్తే సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది, మూడేళ్ల వరకు జైలు లేదా 5 లక్షల వరకు జరిమానా ఉన్న వ్యవహారం. ఏ కేసూ లేని చోట మీ చేతులారా కేసు తయారు చేసి ఇచ్చినట్టవుతుంది. బ్రౌజర్ హిస్టరీ కూడా చెరపకండి.

ఇక నిఘా సంగతి. కంప్యూటరూ నెట్టూ కంపెనీవి కాబట్టి వాటిలో ఏం జరుగుతోందో చూసుకునే హక్కు వాళ్లకు కొంత ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జిల సుప్రీంకోర్టు ధర్మాసనం చెప్పిన మాట నిజమే, కానీ అది ప్రధానంగా ప్రభుత్వాన్ని ఉద్దేశించి ఇచ్చిన తీర్పు. దశలవారీగా అమల్లోకి వస్తున్న 2023 డేటా రక్షణ చట్టం కూడా ఉద్యోగ అవసరాలకు, సంస్థకు నష్టం రాకుండా చూసుకోవడానికి సమాచారం వాడుకునే వెసులుబాటు యజమానికి ఇచ్చింది. అందుకని సాఫ్ట్‌వేర్ పెట్టడమే తప్పని వాదించమని నేను చెప్పను. మీ ఇంటి మాటలు నలుగురి ముందు చదవడం మాత్రం ఏ ఉద్యోగ అవసరం? మీరు ఏ సైటులో ఎంతసేపు ఉన్నారో తెలుసుకోవడానికి మీ భార్యకు ఏం రాశారో అక్కర్లేదు కదా. అచ్చం ఇలాంటి గొడవే రొమేనియాలో జరిగింది. బర్బులెస్కు అనే ఇంజనీరు యాహూ మెసెంజర్‌లో సోదరుడితో, కాబోయే భార్యతో మాట్లాడాడని 2007లో ఉద్యోగంలోంచి తీసేశారు, ఆ మాటలన్నీ 45 పేజీలు ప్రింటు తీశారు. సొంత పనులకు వాడొద్దని కంపెనీ ముందే చెప్పింది గానీ, మాటలు కూడా చదువుతామని చెప్పలేదు. పదేళ్ల తర్వాత, 2017 సెప్టెంబరు 5న, యూరప్ మానవ హక్కుల కోర్టు అతని గోప్యతకు రక్షణ దొరకలేదని 11-6 మెజారిటీతో తేల్చింది. ఆ తీర్పు మన కోర్టుల మీద కట్టుబాటు కాదు, అయినా వాదనలో చూపించుకోవచ్చు.

ఈ రాత్రి ఫోన్‌లో వాట్సాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి లింక్డ్ డివైజెస్ తెరవండి. ఆఫీసు కంప్యూటర్ పేరు, దాని కింద చివరిసారి ఎప్పుడు యాక్టివ్‌గా ఉందో కనిపిస్తుంది. మీరు ఇంట్లో ఉన్న టైము అక్కడ ఉంటే మీరు లేనప్పుడు ఎవరో తెరిచారనడానికి అది ఆధారం. స్క్రీన్‌షాట్ తీసుకుని, ఆ తర్వాతే లాగౌట్ చేయండి. మీ తెర ఫొటో తీయడం వేరు, మీ ఖాతాలోకి వెళ్లి పాత మెసేజ్‌లు తిరగేయడం వేరు. ఎవరైనా మీ పాస్‌వర్డ్ వాడి ఖాతాల్లోకి దూరితే అదే ఐటీ చట్టం 66సి సెక్షన్ వరకూ వెళుతుంది.

జీతం కోతకు చట్టంలో ఆధారమే లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, ఏయే తప్పులకు జరిమానా ఉంటుందో అనుమతి తీసుకుని ముందే నోటీసు బోర్డులో పెట్టాలి, మీ వివరణ అడగాలి, అప్పుడు కూడా ఒక నెలలో వేసే జరిమానా ఆ నెల వేతనంలో 3 శాతం దాటకూడదు. మీ 22,000 మీద లెక్కేస్తే 660 రూపాయలు. 4,000 ఎక్కడ, 660 ఎక్కడ! పని చేయని గంటలకు కోశామంటారేమో, సీటులో కూర్చుని పని పూర్తి చేసిన మనిషిని గైర్హాజరు కింద రాయడం కుదరదు. పే స్లిప్‌తో కార్మిక శాఖలో క్లెయిమ్ వేయండి. దానికి మూడేళ్ల గడువుంది, కానీ అంతదాకా ఆగకండి.

ఉద్యోగంలోంచి తీసేస్తామంటే, ఆరు నెలలు దాటిన ఉద్యోగిని సరైన కారణం, నెల నోటీసు లేదా దానికి బదులు జీతం లేకుండా తీయకూడదని ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది. దుష్ప్రవర్తన అంటారా, అయితే ఎంక్వైరీ పెట్టి సాక్ష్యం రికార్డు చేయాలి. మేనేజర్ గదిలో పది నిమిషాల కేకలు ఎంక్వైరీ కాదు.

ఆ ఎంక్వైరీలో మీ బలం మీ పనే. నమ్మకం పోయిందన్న మాటకు సాక్ష్యం ఏమిటని అడగండి. అకౌంట్స్ మనిషి పనికి తేదీలే సాక్ష్యం: ఈ ఆరేళ్లలో నెలనెలా 11కి జీఎస్టీఆర్-1, 20కి 3బి అనే జీఎస్టీ రిటర్నులు దాఖలయ్యాయా, లేట్ ఫీజు ఎప్పుడైనా పడిందా, బ్యాంకు లెక్కలు కలిశాయా? అవన్నీ సరిగ్గా ఉంటే ఆ స్క్రీన్‌షాట్లకు పెద్ద బరువుండదు. ఒకవేళ మ్యాచ్ చూస్తూ కూర్చుని ఫైలింగ్ ఆలస్యమైన నెలలు ఉంటే మాత్రం అది మీ తప్పే, దాచకండి. షోకాజ్ నోటీసు వస్తే లంచ్ టైములో చూసింది ఇంత, పని టైములో చూసింది ఇంత, ఇకమీద జరగదు అని ఉన్నదున్నట్టు రాయండి. అబద్ధం రాసి దొరికితే ఇప్పుడు చిన్నగా ఉన్న తప్పు నిజంగానే నమ్మకద్రోహం అవుతుంది. సొంత పనులకు నెట్ వాడొద్దని మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో గానీ ఏదైనా సర్క్యులర్‌లో గానీ ఉందేమో వెతకండి, ఉంటే అది నాకు కూడా చూపించాలి.

నోటితో చెప్పిన దేనికీ నోటితో జవాబివ్వకండి, రాతపూర్వకంగా అడగండి. మీ మెసేజ్‌లు చదివినప్పుడు ఆ గదిలో ఎవరెవరున్నారో, టైమెంతో మర్చిపోకముందే ఈ రాత్రే ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి పెట్టుకోండి.