లవంగ నూనె చల్లితే వడ్ల బూజు పోతుందా?

ప్రశ్న: మాది కోవూరు దగ్గర పల్లె. ఎడగారు వడ్లు కొన్ని బస్తాలు తిండికని ఇంట్లో ఉంచుకున్నాం. వానలు పట్టేసరికి అడుగు బస్తాలు బూజు వాసన కొడుతున్నాయి, చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది. లవంగ నూనో వాము నూనో చల్లితే బూజు చస్తుందని ఫోన్‌లో వీడియో చూశాను. ఎంత కలపాలి? పాడైనవి గేదెలకు పెట్టొచ్చా?

జవాబు: గేదెల సంగతి ముందు చెప్తానమ్మా, ఎందుకంటే అది ఆగే పని కాదు. పెట్టొద్దు. కొన్ని రకాల బూజు గింజలో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది, అది పశువు తింటే పాలల్లోకి వస్తుంది, ఆ పాలు తాగేది మీ పిల్లలే. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుశనగ పిండి తిని టర్కీ కోళ్లు లక్ష దాకా చచ్చాకే ఈ విషం సంగతి లోకానికి తెలిసింది. బూజు పట్టిన ప్రతి గింజలోనూ అది ఉంటుందని కాదు గానీ, ఉందో లేదో కంటితో చూసి చెప్పలేం, వండినా పోదు. ఆ వడ్లు పారేయండి.

వీడియో పూర్తిగా అబద్ధమేం కాదు. లవంగంలోని యూజినాల్, వాములోని థైమాల్ బూజు కణాల పొరను దెబ్బతీస్తాయి, ల్యాబులో చూస్తే బూజు నిజంగానే ఆగుతుంది. కానీ అవి ఆవిరైపోయే నూనెలు. మూత బిగించిన డబ్బాలో ఆ ఆవిరి నిలబడుతుంది, మీ గోనె సంచిలో ఎక్కడ నిలబడుతుంది? పోనీ అని ఎక్కువ పోస్తే ఖర్చు, అన్నమంతా లవంగం కంపు, విత్తనాలైతే మొలక కూడా దెబ్బతినొచ్చు. పైగా బూజు చచ్చినా అది అప్పటికే వదిలిన విషం గింజలోనే ఉంటుంది. అందుకే ఎంత కలపాలో నేను చెప్పను.

అసలు జబ్బు తేమ. వడ్లలో తేమ 14 శాతం దాటకుండా ఉంటే బూజు పట్టడం కష్టం. మీటరు లేకపోతే పొడి గాజు సీసాలో గుప్పెడు వడ్లు, రెండు మూడు చెంచాల ఉప్పు వేసి బాగా కుదిపి పది పదిహేను నిమిషాలు ఉంచండి, ఉప్పు గాజుకి అంటుకుంటే ఇంకా ఆరబెట్టాలి. (ముసురు రోజుల్లో ఉప్పే చెమ్మగా ఉంటుంది, ముందు పెనం మీద వేడి చేసి చల్లార్చుకోండి, లేకపోతే బంగారం లాంటి వడ్లని కూడా పచ్చివనుకుంటారు.) పై బస్తాలకు ఈ పరీక్ష ఇవాళే చేయండి. ఎండ లేకపోతే వరండాలో పలచగా పోసి ఫ్యాను పెట్టి తిరగేస్తూ ఉండండి. మళ్లీ బస్తాలకెత్తాక నేల మీద మాత్రం వేయొద్దు, కింద చెక్కలు పరిచి, గోడకి జానెడు దూరం వదిలి పేర్చండి.