టెక్ సందేహాలు: దగ్గర పెడితే మసకబారే వెబ్‌క్యామ్

ప్రశ్న: సరదాగా ఇంట్లో చిన్న సర్క్యూట్ బోర్డులు సోల్డరింగ్ చేస్తుంటాను. ఎస్పీ రోడ్డులో నాలుగైదు వందలకు వెబ్‌క్యామ్ కొన్నాను. బోర్డు మీద పెట్టి ల్యాప్‌టాప్‌లో చూస్తే అంతా అలికేసినట్టు ఉంది. మైక్రోస్కోప్ కొనక తప్పదా?
- ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: తొందరపడి కొనకండి. మీ కెమెరాలో లోపం లేదు. మనం కుర్చీలో కూర్చునే దూరానికి లెన్స్ బిగించి, కదలకుండా ఫ్యాక్టరీలో జిగురు చుక్క వేసి పంపుతారు. వస్తువు దగ్గరికి వచ్చేకొద్దీ లెన్స్ సెన్సర్ (బొమ్మను పట్టే చిప్) నుంచి దూరం జరగాలి. అదీ ఎంతో కాదు. 4 మి.మీ. ఫోకల్ లెంగ్త్ లెన్స్‌తో 5 సెం.మీ. దూరంలోది చూడాలంటే మిల్లీమీటరులో మూడో వంతు చాలు. లెన్స్ మర పిచ్ (ఒక చుట్టుకు జరిగే దూరం) అర మిల్లీమీటరైతే ముప్పావు చుట్టు కూడా తిప్పనక్కర్లేదు.

ముందు లెన్స్ చుట్టూ ఉన్న రింగ్ తిప్పి చూడండి. చాలా చౌక కెమెరాల్లో ఫోకస్ అదే. తిరగకపోతే డబ్బా విప్పాలి. లెన్స్ మీద, దాని హోల్డర్ మీద కలిసేలా మార్కర్‌తో ఒక గీత పెట్టుకోండి, మళ్లీ పాత చోటికి తేవడానికి పనికొస్తుంది. జిగురును బ్లేడు మొనతో మెల్లగా గీకండి. అసిటోన్ మాత్రం వద్దు, ప్లాస్టిక్‌ను తినేస్తుంది. కెమెరా ఆన్‌లో ఉంచి, స్క్రీన్ చూస్తూ అపసవ్యంగా కొంచెం కొంచెం తిప్పండి. లెన్స్ పూర్తిగా ఊడదీయకండి, సెన్సర్ మీద దుమ్ము పడితే ప్రతి బొమ్మలోనూ మచ్చ వస్తుంది.

నేను మొదటిసారి ఇలా తిప్పినప్పుడు బూడిద రంగు ముద్దలోంచి 1.6 మి.మీ. పొడవున్న 0603 సైజు రెసిస్టర్, దాని మీది అంకెలు, పక్కనే సరిగ్గా అతుక్కోని టంకం ఒక్కొక్కటే తేలి వచ్చాయి. రెండు రోజులుగా పనిచేయని బోర్డు జబ్బు ఆ టంకమే.

మీ పనికి 5 సెం.మీ. మరీ దగ్గర. సోల్డరింగ్ ఐరన్ దూరదు, ఫ్లక్స్ పొగ లెన్స్‌కు పడుతుంది. 10 సెం.మీ.కు సెట్ చేసుకోండి, పావు చుట్టుకు కాస్త ఎక్కువ తిప్పితే సరిపోతుంది. అంత దగ్గరలో చెయ్యి వణికినా ఫోకస్ పోతుంది కాబట్టి గట్టి స్టాండ్ తప్పనిసరి. టంకం మీద మెరుపు తగ్గాలంటే ఎల్ఈడీ లైటును పక్క నుంచి వేసి, దాని ముందు ట్రేసింగ్ పేపర్ అడ్డం పెట్టండి. చేతి కదలిక స్క్రీన్ మీద కాస్త ఆలస్యంగా కనిపిస్తుంది. అందుకే టంకం వేసేటప్పుడు కాకుండా, వేశాక పరీక్షించడానికి వాడమంటాను.

ప్రశ్న: వెబ్‌క్యామ్ వీడియోలో అడ్డంగా చారలు పాకుతున్నాయి. ఎందుకు?
- ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం

జవాబు: మన కరెంటు 50 హెర్ట్జ్. కెమెరా 60కి సెట్ అయి ఉంటే లైటు మినుకు చారలుగా కనిపిస్తుంది. కెమెరా సెట్టింగ్స్‌లో ఫ్లికర్ లేదా పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ దగ్గర 50 పెట్టండి. అప్పటికీ పోకపోతే గదిలోని ఎల్ఈడీ బల్బు మార్చి చూడండి.