తొర్ర పడిన చెట్టు, పక్కింటి నోటీసు: బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది విశాఖపట్నం, సీతమ్మధార. నేను రిటైర్డ్ టీచర్ని. మా పెరట్లో నాన్నగారి కాలం నాటి పెద్ద నిద్రగన్నేరు ఉంది. మొదలు దగ్గర తొర్ర పడింది. కొమ్మలు పక్కింటివాళ్ల రేకుల షెడ్డు మీదకీ, కరెంటు తీగల మీదకీ వాలిపోయాయి. చెట్టు తీయించమని పక్కింటాయన లాయరు నోటీసు పంపారు. ఒక మేస్త్రీ నలభై వేలు అడుగుతున్నాడు. ఇంకొకతను ‘కలప నాకు వదిలేయండి, ఫ్రీగా కొట్టేస్తా’ అంటున్నాడు. సొంత స్థలంలో చెట్టుకి కూడా పర్మిషన్ కావాలా? ఏమైనా జరిగితే నా మీదకొస్తుందా?

జవాబు: మాస్టారూ, పర్మిషన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ నోటీసు మీ చేతికి అందిన తేదీ ఎక్కడైనా రాసి పెట్టుకోండి. మీ వ్యవహారం మొత్తానికీ కీలకమైన తేదీ అదే.

ఎందుకంటే, ఆరోగ్యంగా ఉన్న చెట్టు పెనుగాలికి కూలి పక్కవాళ్ల గోడ పడిపోతే, యజమాని నిర్లక్ష్యం ఉందని తేల్చడం కష్టం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఊళ్లో ఎన్ని చెట్లు పడ్డాయో మీరే చూశారు. వాటన్నిటికీ యజమానుల్ని బాధ్యుల్ని చేస్తామంటే ఏ కోర్టూ ఒప్పుకోదు. కానీ మీ చెట్టుకి తొర్ర ఉంది. అది మీకు తెలుసు. తెలుసని ఇప్పుడు నోటీసు రూపంలో సాక్ష్యం కూడా ఉంది. రేపు మామూలు ఈదురుగాలికి కొమ్మ విరిగి షెడ్డు మీద పడితే ‘దైవాధీనం’ అన్న వాదన నిలవదు. నష్టపరిహారం మీరే కట్టుకోవాల్సి రావచ్చు. ఎవరి ప్రాణమైనా పోతే విషయం సివిల్ దావాతో ఆగదు. నిర్లక్ష్యం వల్ల మరణం అని భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద కేసు పెట్టే అవకాశం ఉంది. దానికి ఐదేళ్ల వరకు జైలు. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, నోటీసుని బీరువాలో పడేసి ఊరుకోవద్దని చెప్పడానికి రాస్తున్నాను.

పదిహేను రోజుల్లోపే చిన్న జవాబు పంపండి. ‘చెట్టు పరిస్థితి గమనించాను, అనుమతికి దరఖాస్తు చేస్తున్నాను, ఈలోగా షెడ్డు కింద ఎవరూ ఉండకుండా చూడగలరు’ అని రాస్తే చాలు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. మీరు స్పందించకపోతే ఆయన తహసీల్దారు దగ్గరకో ఆర్డీవో దగ్గరకో వెళ్లవచ్చు. కిందపడి జనానికి గాయాలు చేసేలా ఉన్న చెట్టుని తొలగించమనో, దానికి ఊతం పెట్టమనో ఆదేశించే అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 152వ సెక్షన్ కింద వాళ్లకుంది. పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లో ఇదే 133వ సెక్షన్.

ఇక పర్మిషన్. కావాలి. నా స్థలం, నా చెట్టు అంటే కుదరదు. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) పట్టా భూముల్లో చెట్లకీ వర్తిస్తుంది. దరఖాస్తు అటవీశాఖకు పెట్టుకోవాలి. చెట్టు మీ గోడ బయట, రోడ్డు అంచున ఉంటే మాత్రం ముందు నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఉద్యానవన విభాగంతో మాట్లాడండి. మీరు టెన్షన్ పడాల్సిందేమీ లేదు. ఎండిపోయిన, తెగులు పట్టిన, ప్రాణానికో ఆస్తికో ముప్పుగా ఉన్న చెట్టుకి అనుమతి ఆపాలన్నది చట్టం ఉద్దేశం కాదు. అందుకే ఫొటోలు బాగా తీయండి. తొర్రలో చెయ్యి ఎంత లోతుకు వెళ్తుందో కనిపించేలా ఒకటి, మొదలు దగ్గర పుట్టగొడుగులు లేచి ఉంటే వాటిది ఒకటి, తీగలకీ కొమ్మకీ మధ్య ఎంత జాగా ఉందో ఒకటి. దరఖాస్తుకి పక్కింటి నోటీసు కాపీ జతచేయండి. మీ మీదకొచ్చిన కాగితమే ఇక్కడ మీకు పనికొస్తుంది. బదులుగా మొక్కలు నాటాలన్న షరతు పెడతారు. పెద్ద భారమేమీ కాదు.

అనుమతి వచ్చేదాకా ప్రమాదకరమైన కొమ్మల వరకు కొట్టించుకోవచ్చని నా అభిప్రాయం. అయితే కొమ్మలు తీస్తున్నామన్న పేరుతో చెట్టుని మోడు చేసేస్తే దాన్ని నరకడం కిందే లెక్కేస్తారు. ఇంకో మాట, మొత్తం తీయించడం నిజంగా అవసరమా అన్నది కూడా ఆలోచించండి. తొర్ర ఒక పక్కకే ఉండి, బరువంతా షెడ్డు వైపు వాలిన రెండు కొమ్మలదే అయితే వాటిని తీయిస్తే సరిపోవచ్చు, ఖర్చు కూడా బాగా తగ్గుతుంది. ఆ సంగతి నాలాంటి లాయరో, కొట్టే మేస్త్రీయో తేల్చకూడదు. తనిఖీకి వచ్చిన అధికారిని అడగండి.

తీగల విషయంలో రాజీ పడొద్దు. మీ ఏరియా ఈపీడీసీఎల్ (కరెంటు పంపిణీ సంస్థ) సెక్షన్ ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)కి లెటరిచ్చి, లైన్‌క్లియర్ (తీగల్లో కరెంటు ఆపినట్టు అనుమతి) తీసుకున్నాకే చెట్టెక్కనివ్వండి. అత్యవసరమైతే 1912కి ఫోన్ చేయండి. ‘సార్, కరెంటు ఉన్నప్పుడే చాలాసార్లు కొట్టాం’ అనే మేస్త్రీని గేటు దగ్గర్నుంచే పంపేయండి. తీగలకు అడ్డంగా ఉన్న చెట్టుని తీయించమని విద్యుత్ చట్టం 68వ సెక్షన్ కింద పంపిణీ సంస్థే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుని కోరవచ్చు. కాబట్టి తీగల వైపు కొమ్మలు వాళ్ల మనుషులతోనే కొట్టించగలరేమో ఆ లెటర్‌లోనే అడగండి. మీకు ఆ మేరకు డబ్బు మిగులుతుంది.

ఇప్పుడు ఫ్రీ బేరం. మాస్టారూ, నాకు అసలు భయం ఇక్కడే. ఫ్రీగా కొట్టేవాడు కలప కోసం వస్తాడు, మీ గోడ కోసం కాదు. మొదలు దగ్గర రంపం పెట్టి ఒక్కసారిగా పడగొడితే అతనికి సగం రోజు పని. అదే పైనుంచి ఒక్కో కొమ్మకీ మోకు కట్టి, కోసి, కిందకి దించాలంటే రెండింతలు మనుషులు కావాలి. నలభై వేలు అడిగినతను ఇలా దించుతానంటున్నాడేమో కనుక్కోండి. తేడా అక్కడే ఉండొచ్చు. పైగా కలప లారీ ఎక్కాక దారిలో ఆపితే రవాణా పర్మిట్ ఏదని అడుగుతారు. 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నియమాలున్నాయి. చెట్టు ఎవరిదని విచారిస్తూ చివరికి మీ ఇంటికే వస్తారు.

కూలీ కిందపడితే ఏమవుతుంది? 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో పరిహారానికి అర్హమైన పనుల జాబితా ఉంది. అందులో చెట్లు నరకడం పేరుతో సహా ఉంది. ఇప్పుడు ఆ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. పాత చట్టం లెక్కలో నెలకు 15,000 వేతనం, 30 ఏళ్ల వయసు ఉన్న కార్మికుడు చనిపోతే పరిహారం 15 లక్షలు దాటుతుంది. మీరే కూలీలను పిలిచి రోజువారీ డబ్బులిస్తే యజమాని మీరే అన్న వాదన వస్తుంది. మొత్తం పని మేస్త్రీకి గుత్తకిస్తే, చెట్టు కొట్టడం మీ వ్యాపారం కాదు కాబట్టి, మొదటి బాధ్యత అతనిదవుతుంది. కానీ గుత్త అన్నది కాగితం మీద ఉండాలి. ‘ఫలానా చెట్టును మోకులతో దించి, ఫలానా మొత్తానికి, నా మనుషులతో, నా పనిముట్లతో తీస్తాను, నా మనుషులకూ, పక్కింటి ఆస్తికీ జరిగే నష్టం నాదే, కలప ఫలానావారిది, మొద్దు, చెత్త నేనే తీసుకెళ్తాను’ అని రాయించి, సంతకం, ఆధార్ కాపీ తీసుకోండి. సగం డబ్బు పని పూర్తయ్యాకే ఇవ్వండి. కాగితం ఉన్నంత మాత్రాన మీ నిర్లక్ష్యానికి మాఫీ ఉండదు. హెల్మెట్, నడుముకి తాడు లేకుండా ఎక్కుతుంటే ఆపాల్సింది మీరే.

పక్కింటాయన తన హద్దులోకి వచ్చిన కొమ్మల్ని, మీ స్థలంలోకి రాకుండా, తనే కొట్టుకోవచ్చు. కలప మాత్రం మీదే. ఖర్చులో వాటా ఇమ్మని ఆయన్ని చట్టప్రకారం అడగలేరు, మర్యాదగా అడగవచ్చు. ఆయన షెడ్డు రేకులు రెండు రోజులు విప్పి పెడితే మేస్త్రీ రేటు తగ్గుతుంది. ఆయనకీ లాభమే కదా. మాట కుదరకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (కోర్టుకెక్కక ముందే రాజీకి) అర్జీ పెట్టండి. కోర్టు ఫీజు ఉండదు, లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. వివరాలకు 15100కి ఫోన్ చేయండి.

మీ ఇంటికి భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ ఉంటే ఒకసారి తీసి చూడండి. చెట్టు పడి మీ ఇల్లు దెబ్బతింటే అందులో కవరేజీ ఉంది. పక్కింటి షెడ్డుకి అది పనికిరాదు.