మోకాలి గాయం నుంచి పరిశోధన ప్రశ్న దాకా

ప్రశ్న: ఫిజియోథెరపీ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. నాలుగేళ్లు హర్డిల్స్ పరిగెత్తాను. మోకాలిలో ఎముకలను కలిపి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగి సర్జరీ అయ్యాక పోటీలు మానేశాను. స్పోర్ట్స్ బయోమెకానిక్స్‌లో (ఆటల్లో శరీర కదలికలను, బలాలను కొలిచి చదివే శాస్త్రం) పరిశోధన చేసి, యూనివర్సిటీలో పాఠాలు చెప్పాలని ఉంది. కానీ పదో తరగతి తర్వాత లెక్కలు ముట్టుకోలేదు. ఇంట్లోవాళ్లు క్లినిక్ పెట్టుకోమంటున్నారు. నాకు ఈ దారి సరిపోతుందా?

జవాబు: సరిపోతుందనే అనుకుంటున్నాను. మీకు లెక్కల గురించి టెన్షన్. నన్ను ఆలోచింపజేసింది మాత్రం అది కాదు. ఏసీఎల్ గాయాలు ఎందుకవుతాయో తెలుసుకోవాలన్నది మంచి కోరికే కానీ, దానితో పీహెచ్‌డీ మొదలుపెట్టలేం. కొలవడానికి వీలైనంత చిన్న ప్రశ్న కావాలి.

మీ గాయాన్నే తీసుకోండి. ఆటల్లో చాలా ఏసీఎల్ గాయాలు ఎవరూ ఢీకొట్టకుండానే అవుతాయి. గెంతి దిగుతూనో, ఒక్కసారిగా దిశ మార్చుకుంటూనో ఉన్నప్పుడు తెగిపోతుంది. గాయమైన క్షణాల వీడియోలను పరిశీలించినవాళ్లు, పాదం నేలను తాకాక దాదాపు 50 మిల్లీసెకన్లలోపే అది జరిగిపోతుందని అంచనా వేశారు. అంత తక్కువ వ్యవధిలో మెదడు విషయం గ్రహించి కాలిని సర్దుకోలేదు. అంటే పాదం నేలను తాకకముందు కండరాలు ఎలా సిద్ధమయ్యాయన్నదే ముఖ్యం. సర్జరీ అయిన కాలికీ, రెండో కాలికీ ఈ సిద్ధపడటంలో తేడా ఎంత? బాగా అలసిపోయాక ఆ తేడా పెరుగుతుందా? ఇవి ల్యాబ్‌లో కొలవగలిగే ప్రశ్నలు. మీ బాధ నుంచి ఇంత చిన్న ప్రశ్న దాకా రావడానికే ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఆ ఏడాది వృథా అనుకోకండి.

ఇక ల్యాబ్ పని ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని ఆటగాళ్ల పక్కన నిలబడే ఉద్యోగంగా ఊహించుకుంటారు. మనిషి ఒంటి మీద కెమెరాలు గుర్తుపట్టే చిన్న బంతుల్లాంటి మార్కర్లు అంటించి, చుట్టూ ఉన్న కెమెరాలతో సెకనుకు 200 సార్లో అంతకంటే ఎక్కువో వాటి స్థానాన్ని నమోదు చేస్తారు. నేలలో అమర్చిన ఫోర్స్ ప్లేట్ పాదం కింది బలాన్ని సెకనుకు 1000 సార్లు చదువుతుంది. ఈ రెండింటినీ, కాలి భాగాల బరువుల అంచనాలనూ న్యూటన్ సూత్రాల్లో పెడితే మోకాలి మీద ఎంత తిప్పుడు బలం పడిందో లెక్క వస్తుంది. కొలతలకు పట్టేది ఒక్క పూటే. ఆ డేటాను శుభ్రం చేయడానికి నెలలు పడుతుంది. మార్కర్ ఉండేది చర్మం మీద, మనకు కావాల్సింది ఎముక కదలిక. పైగా స్థానం నుంచి వేగం, వేగం నుంచి త్వరణం లెక్కగట్టే ప్రతి మెట్టులోనూ చిన్న తప్పు పెద్దదవుతుంది.

ఈ పని మీకు నచ్చుతుందో లేదో ఫోన్‌తోనే చూసుకోవచ్చు. స్నేహితురాలిని నిలబడ్డ చోటే గెంతమని, స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములతో తీయండి. పాదాలు నేల వదిలిన ఫ్రేమ్ నుంచి మళ్లీ తాకిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. 120 ఫ్రేములు వచ్చాయంటే ఆమె అర సెకను గాల్లో ఉన్నట్టు. ఆ కాలాన్ని వర్గం చేసి, 9.81తో గుణించి, 8తో భాగిస్తే గెంతిన ఎత్తు వస్తుంది: దాదాపు 31 సెంటీమీటర్లు. లెక్కలో ఒక్క ఫ్రేమ్ తప్పితే ఎత్తు అర సెంటీమీటరు మారుతుంది. అదే మామూలు వీడియోలో, సెకనుకు 30 ఫ్రేములతో, ఒక్క ఫ్రేమ్ తేడాకు నాలుగు సెంటీమీటర్లు మారిపోతుంది. నెల రోజుల శిక్షణతో ఒక ఆటగాడు పెంచుకునే ఎత్తు కంటే ఆ తప్పే పెద్దది కావచ్చు! ఆమె మోకాళ్లు మడిచి దిగితే గాల్లో ఉన్న సమయం పెరిగి, గెంతనంత ఎత్తు గెంతినట్టు వస్తుంది. ఇరవై గెంతులు ఇలా కొలిచాక విసుగొస్తే ఈ రంగం గురించి మళ్లీ ఆలోచించండి. "మరి మడిచిన మోకాలిని ఎలా లెక్కలోకి తీసుకోవాలి?" అన్న ఆలోచన వస్తే ముందుకు రండి.

ఇప్పుడు చూడండి, పై లెక్కలో ఉన్నది పదో తరగతి గణితమే. మీరు కొత్తగా నేర్చుకోవాల్సినవి వెక్టర్లు, త్రికోణమితి, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్, కొంచెం మాట్రిక్సులు, ఆపైన స్టాటిస్టిక్స్. రోజుకో గంట పెడితే ఏడాదిలో పట్టు దొరుకుతుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష కూడా నేర్చుకోండి, అది లేకుండా ఇప్పుడు పని జరగదు. ఓపెన్‌సిమ్ అనే కండరాలు, ఎముకల నమూనా సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో నడక ఉదాహరణలతో సాధన చేయండి. ఇంజినీరింగ్ నుంచి వచ్చేవాళ్లకు లెక్కలు ముందే వచ్చు. కానీ ఎముక అంచును వేలితో తడిమి సరిగ్గా అక్కడే మార్కర్ పెట్టడం వాళ్లకు కష్టం. కొలతల్లో తేడాలకు పెద్ద కారణాల్లో అదొకటి. ఆ నేర్పు మీ చేతికి ముందే ఉంది, దాన్ని తక్కువ చేసుకోకండి.

చదువుల వరుస అందరికీ తెలిసిందే: ఒకటి రెండేళ్ల మాస్టర్స్, దేశాన్ని బట్టి మూడు నుంచి ఐదారేళ్ల పీహెచ్‌డీ, ఆ తర్వాత తరచూ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం). శాశ్వత ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటడం మామూలే. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. అందుకే రెండు విషయాల్లో గట్టిగా ఉండండి. స్టైపెండ్ లేదా జీతం లేని పీహెచ్‌డీలో చేరకండి. నెదర్లాండ్స్, నార్వే, స్వీడన్ లాంటి చోట్ల పీహెచ్‌డీ అంటే చాలావరకు జీతమొచ్చే ఉద్యోగమే. రెండోది, యూనివర్సిటీ పేరు కంటే గైడ్‌ను చూసి ఎంచుకోండి. ఆ ల్యాబ్ పేపర్లలో విద్యార్థుల పేర్లు ముందు ఉంటున్నాయా? పాత విద్యార్థులు ఇప్పుడు ఎక్కడున్నారు? వాళ్లలో ఇద్దరితో మాట్లాడాకే నిర్ణయం తీసుకోండి. గైడ్‌కు రాసే మొదటి మెయిల్‌లో మీ ఆసక్తి గురించి పేజీలు వద్దు. ఆయన పేపర్ ఒకటి చదివి, అందులో మీకొచ్చిన ఒక్క సందేహం రాయండి.

ఇంకో మాట. ఆటలనే పట్టుకుని ఉండకండి. క్రికెట్‌లో బౌలర్ మోచేయి 15 డిగ్రీలకు మించి నిటారు కాకూడదన్న నియమం బయోమెకానిక్స్ కొలతల నుంచే వచ్చింది, అది చూసి ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. కానీ అవే కెమెరాలు, అవే లెక్కలు సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కుదరని సమస్య) ఉన్న పిల్లల నడకకు, వృద్ధులు పడిపోవడానికి, మోకాళ్ల అరుగుదలకు కూడా పనికొస్తాయి. పరిశోధన నిధులు అటువైపే ఎక్కువ. అక్కడ పట్టు సంపాదించినవాళ్లకు ఆసుపత్రుల్లో నడకను కొలిచే గెయిట్ ల్యాబుల్లో, కృత్రిమ అవయవాలు, స్పోర్ట్స్ షూలు తయారుచేసే సంస్థల్లో కూడా చోటుంటుంది.

ఇంట్లోవాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. ఫిజియోథెరపిస్టుగా రిజిస్ట్రేషన్ తప్పక చేయించుకోండి, ఎప్పుడూ వదలకండి. సొంత క్లినిక్ ఇప్పుడే వద్దు. మాస్టర్స్‌కు ముందు ఒక ఏడాది మోకాలి సర్జరీ అయినవాళ్లు ఎక్కువగా వచ్చే చోట ఉద్యోగం చేయండి. సాయంత్రం గంట లెక్కలకు, పగలు కళ్లు పేషెంట్ల పాదాల మీద. మళ్లీ గెంతడం మొదలుపెట్టిన రోజున ఎవరు ఏ కాలి మీద బరువు పడకుండా చూసుకుంటున్నారో గమనించి నోట్‌బుక్‌లో రాసుకోండి. మీ పరిశోధన ప్రశ్న దొరికేది ఆ పేజీల్లోనే అని నా నమ్మకం.