ఆర్కిటెక్చర్, చిత్రకళ, మనస్తత్వశాస్త్రం: మూడూ కలిపి చదవాలంటే ఏ దారి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటి నుంచి బొమ్మలు బాగా వేస్తుంది. మా అత్తగారి ఊరు ఒక జలాశయం కింద పోవడంతో ఆమె ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నారు. పాత ఊళ్లో పొద్దస్తమానం అరుగు మీద నలుగురితో మాట్లాడుతూ గడిపిన మనిషి ఇక్కడ గడప దాటడం లేదు. అది చూసినప్పటి నుంచి మా అమ్మాయి, ఇళ్లకూ మనుషుల మనసుకూ ఉన్న సంబంధం మీద పనిచేస్తానని, అందుకు ఆర్కిటెక్చర్, చిత్రకళ, సైకాలజీ కలిసిన కోర్సు కావాలని పట్టుబడుతోంది. అలాంటిది ఉందా? బీటెక్ వదులుకుని ఈ దారి పట్టడం రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టు కాదా?
– ఒక తల్లి, జడ్చర్ల

జవాబు: మీ అమ్మాయి కోరుకుంటున్న పని నిజంగా ఉంది. అయితే మూడింటినీ కలిపి ఒకే పట్టా ఇచ్చే కోర్సు కోసం వెతకవద్దని నా సలహా. ఈ రంగంలో చెప్పుకోదగ్గ పనులు చాలావరకు, ఒక్కో విద్యలో గట్టి పట్టు ఉన్నవారు ఒకే సమస్య ముందు కూర్చుని, ఎదుటివారి పద్ధతిని గౌరవిస్తూ చేసినవే తప్ప, మూడు విద్యలూ కొద్దికొద్దిగా తెలిసిన ఒక్కరు చేసినవి కావు. కాబట్టి ముందుగా తేల్చుకోవలసింది అలాంటి బృందంలో ఆమె ఏ వృత్తి మనిషిగా కూర్చుంటుందన్నది.

1950లలో కెనడాలోని సస్కాచ్వాన్‌లో హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడు ఇలాంటి పనికి పూనుకున్నారు. ఆయనతో ఆర్కిటెక్ట్ కియో ఇజుమి, మనస్తత్వ పరిశోధకుడు రాబర్ట్ సోమర్ కలిసి పనిచేశారు. అక్కడి ఒక వృద్ధ స్త్రీల వార్డును కొత్తగా ముస్తాబు చేశారు. చూడవచ్చినవారికి అది ముచ్చటగా కనిపించింది గాని, గోడల వెంట వరుసగా వేసిన కుర్చీలలో పక్కపక్కనే కూర్చున్న స్త్రీలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మాత్రం అంతంతమాత్రంగానే ఉండిపోయింది. సోమర్ బృందం ఆ కుర్చీలను చిన్న చదరపు బల్లల చుట్టూ మార్పించి కొన్ని వారాల తర్వాత మళ్లీ లెక్క తీస్తే, వారి మధ్య మాటామంతీ దాదాపు రెట్టింపు అయినట్టు తేలింది. గది అందంగా ఉండటం వేరు, ఆ గది మనుషులను కలపడం వేరు అని అక్కడ కళ్లకు కట్టింది. ఆ తేడాను పట్టుకున్నది, రోజూ అదే వేళకు కూర్చుని ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఓపికగా రాసుకున్న పరిశీలన.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఫిన్లాండ్‌లో 1933లో పూర్తయిన పైమియో క్షయ చికిత్సాలయంలో ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో, పడుకుని ఉన్న రోగి రోజంతా చూసేది పైకప్పునే గనుక దానికి కళ్లకు హాయినిచ్చే ఆకుపచ్చ రంగు వేయించారు. పక్క మంచం మనిషి నిద్ర చెడకుండా, నీళ్లు పడే చప్పుడు వినిపించని వాష్‌బేసిన్లు పెట్టించారు. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు, పిత్తాశయ శస్త్రచికిత్స అయిన 46 మంది రోగుల రికార్డులను పరిశీలించి, కిటికీలోంచి చెట్లు కనిపించినవారు ఇటుక గోడ కనిపించినవారి కంటే త్వరగా ఇల్లు చేరారని, గట్టి నొప్పి మందులు తక్కువగా వాడారని చూపించారు. ఆసుపత్రుల రూపకల్పన గురించి ఎక్కడ మాట వచ్చినా ఆ అధ్యయనం ప్రస్తావనకు వస్తుంది.

మన దగ్గరికి వద్దాం. శ్రీశైలం జలాశయం కింద మునిగే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురానికి తరలించి తిరిగి నిలబెట్టారు. చాళుక్యుల నాటి ఆ గుడి పొందిక చెడకుండా ఉండాలని పురావస్తు నిపుణులు, ఇంజినీర్లు, శిల్పులు అంత శ్రద్ధ పెట్టారు. ఊళ్లను తరలించేటప్పుడు ఆ శ్రద్ధలో పావు వంతైనా కనిపించదన్నది నా అభిప్రాయం. కొత్త కాలనీలో ప్లాట్లు కొలతకు సరిగ్గానే ఉంటాయి, రోడ్లు తిన్నగానే ఉంటాయి; కానీ బొడ్రాయి ఎక్కడ నిలపాలి, బతుకమ్మ ఎక్కడ ఆడాలి, మేకలను ఎక్కడ కట్టెయ్యాలి, పాత ఊళ్లో ఎవరి పక్కన ఎవరు ఉండేవారు అన్న ప్రశ్నలు నక్షా గీసేనాటికి ఎవరూ అడిగి ఉండరు. ఇక్కడే మూడు విద్యలకూ పని ఉంది. చిత్రకారిణి పెద్దమనుషుల చేత, ముఖ్యంగా ఆడవాళ్ల చేత, పాత ఊరి పటాన్ని జ్ఞాపకం నుంచి గీయించగలదు. మనోసామాజిక పరిశోధకురాలు ఆ పటం చుట్టూ జరిగే మాటలను పద్ధతిగా నమోదు చేసి, ఏ లోటు ఎవరిని ఎంతగా బాధిస్తోందో విడదీసి చెప్పగలదు. ఆ రెండింటినీ చేత పట్టుకుని అరుగు ఎత్తు, వీధి వెడల్పు, చెట్టు నీడ, ఇళ్ల వరుస నిర్ణయించడం ఆర్కిటెక్ట్ పని.

మీ అత్తగారి విషయంలో మాత్రం అరుగు లేకపోవడమే కారణమని అమ్మాయిని అప్పుడే తీర్మానించనివ్వకండి. ఊరు పోయిన దుఃఖం కావచ్చు, చెలిమి ఉన్నవారు వేరే కాలనీకి పోవడం కావచ్చు, మోకాళ్ల నొప్పులే కావచ్చు. ఆమెకు నిద్ర, తిండి కూడా తగ్గి ఉంటే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇక చదువు విషయం. ఎంపీసీ చదువుతోంది గనుక ఆమెకు బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) మొదటి మెట్టు కావాలని నేను గట్టిగా చెబుతాను. బీఆర్క్‌కు ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం తప్పనిసరి. చిత్రకళలోకి, సామాజిక పరిశోధనలోకి తర్వాత రావచ్చు గాని, డిగ్రీ అయ్యాక ఆర్కిటెక్చర్‌లోకి రావాలంటే మళ్లీ మొదటి నుంచి అయిదేళ్లు చదవాలి. పైగా 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆర్కిటెక్ట్ అని చెప్పుకోగలరు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో రెండు విద్యలూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. శిల్పం, పెయింటింగ్ చదివే విద్యార్థులతో పరిచయం పెంచుకోవడం అక్కడ ఏ సిలబస్సూ ఇవ్వని లాభం. మధ్యలో వచ్చే ప్రాక్టికల్ ట్రైనింగును పెద్ద పేరున్న ఆఫీసులో కాకుండా ఆసుపత్రులు, బడులు, సామూహిక గృహాల మీద పనిచేసే చోట చేయడం మేలు.

మనస్తత్వశాస్త్రం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఆమె ఆసక్తి మనుషులకు చికిత్స చేయడమైతే అది పూర్తిగా వేరే దారి. క్లినికల్ సైకాలజిస్టులకు భారత పునరావాస మండలిలో నమోదు కావాలి, దానికి సైకాలజీనే పునాదిగా చదవాలి. స్థలం మనుషుల మీద చూపే ప్రభావాన్ని పరిశోధించడమైతే ఆ నమోదు అక్కరలేదు. బీఆర్క్‌తో పాటు సైకాలజీని దూరవిద్యలో చదివేద్దామన్న ఆలోచన ఇప్పుడు కుదరదు, ఎందుకంటే 2025–26 విద్యా సంవత్సరం నుంచి దాన్ని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో బోధించవద్దని యూజీసీ ఆదేశించింది. బీఆర్క్ తర్వాత డిజైన్ పీజీ ప్రవేశానికి పెట్టే సీడ్ పరీక్ష రాసి ఐఐటీ హైదరాబాద్‌లో ఎండిజైన్ చేయవచ్చు, లేదా సోషల్ వర్క్‌లో పీజీ చేసి ఇంటర్వ్యూ, సర్వే, పరిశీలన పద్ధతులు గట్టిగా నేర్చుకోవచ్చు.

సంపాదన గురించి దాచిపెట్టను. ఆర్కిటెక్టులకు మొదటి కొన్నేళ్ల జీతం, అదే ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరినవారి కంటే సాధారణంగా తక్కువ. పరిశోధన వైపు వెళితే మరో రెండేళ్లు చదువుకే పోతాయి. ఆ కాలాన్ని ఇంటి పరిస్థితి మోయగలదా అన్నది మీరిద్దరూ ముందే కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం.

బీఆర్క్‌లో చేరకముందే ఆమె ఒక పని మొదలుపెట్టవచ్చు. నాయనమ్మ ఒప్పుకుంటే, ఆమె చెబుతుంటే పాత ఊరి పటం గీయాలి. మాట బాధగా మారితే అక్కడే ఆపాలి. ఎవరి ఇంటి ముందు ఎవరు కూర్చునేవారో కూడా పటంలో గుర్తించి, ఆ తర్వాత కాలనీలో వారం రోజులు సాయంత్రం ఒకే వేళకు నడిచి, మనుషులు ఎక్కడ ఆగి మాట్లాడుతున్నారో అదే తీరుగా మరో పటంలో గుర్తించాలి.

బీఆర్క్ ప్రవేశ పరీక్ష అయిన నాటాకు దరఖాస్తు చేయడంతో పాటు జేఈఈ మెయిన్‌లో బీఆర్క్ కోసం ఉన్న పేపర్ 2ఏను కూడా ఎంచుకోమనండి. బీటెక్ పేపరు ఒక్కటే రాస్తే విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వంటి చోట్ల బీఆర్క్ సీటుకు అవకాశం ఉండదు. దరఖాస్తు నింపేటప్పుడు ఆ ఐచ్ఛికం విడిగా ఉంటుంది.