స్వీడిష్ వచ్చు, ఇంగ్లిష్ వచ్చు.. అనువాదంతో ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న: మేం పదకొండేళ్లుగా స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి జిమ్నాసియెట్ (మన ఇంటర్ లాంటిది) రెండో ఏడాదిలో ఉంది. స్వీడిష్ నుంచి ఇంగ్లిష్‌లోకి అనువదించేవాళ్లకు స్పానిష్ నుంచి అనువదించేవాళ్లకంటే రేటు ఎక్కువని, అదే చదువుతానని పట్టుబడుతోంది. వాళ్ల నాన్న ఇంజినీరింగ్ అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: మీ అమ్మాయి చెప్పింది అబద్ధం కాదమ్మా. స్వీడిష్ మాట్లాడేవాళ్లు కోటి మంది, డేనిష్, నార్వేజియన్ అయితే అందులో సగం, కాస్త అటూ ఇటూ. అనువాదకులు తక్కువ, ఖర్చులు ఎక్కువైన దేశాలు. అందుకే మాటకింత అని కట్టే రేటు మెరుగ్గానే ఉంటుంది. కానీ అందులో ఒక కిటుకుంది.

మీది సొంత ఫ్లాటైతే కాగితాలు ఓసారి తీయండి. బూస్తాడ్స్‌రెట్స్‌ఫొరెనింగ్ అని కనిపిస్తుంది. స్వీడిష్‌లో అది ఒకే మాట. ఇంగ్లిష్‌లో టెనెంట్ ఓనర్స్ అసోసియేషన్ అని మూడు రాయాలి. హూస్ అంటే ఇల్లు, హూసెట్ అంటే ‘ది హౌస్’. ఆ ‘ది’ కూడా మాట చివరే అతుక్కుపోయింది. పని ఇచ్చే అనువాద ఏజెన్సీ మూల పత్రంలోని స్వీడిష్ మాటలు లెక్కపెడితే, మూడు రాసి ఒకదానికి డబ్బు తీసుకోవాలి. రేటు ఎక్కువగా కనిపించడానికి ఇదీ ఒక కారణమే.

మాటకు ఒక క్రోనా (స్వీడన్ డబ్బు) అనుకుందాం, ఊరికే లెక్క కోసం. రోజుకు 2,000 మాటలంటే చేతినిండా పని. అంటే 2,000 క్రోనాలు. సొంతంగా పనిచేసేవాళ్లు మిగులు మీద సామాజిక బీమా కింద 28.97 శాతం తామే కట్టుకోవాలి, జీతగాళ్లకైతే ఈ భారం కంపెనీది. ఆపైన ఆదాయపు పన్ను. సెలవులకు, పని రాని వారాలకు ఎవరూ పైసా ఇవ్వరు. పైగా ఇప్పుడు చాలా ఏజెన్సీలు మెషీన్ చేసిన అనువాదాన్ని పంపి, దిద్దితే చాలు అంటున్నాయి. దానికి రేటు ఇంకా తక్కువ.

మెరుగైన డబ్బు సబ్జెక్టులో ఉంది. మందుల ప్రయోగాల పత్రాలు, కోర్టు కాగితాలు, పేటెంట్లు. నార్వేలో చమురు, ఓడలు, సాల్మన్ చేపలు. డెన్మార్క్‌లో మందులు, గాలిమరలు. స్వీడిష్ వచ్చినవాళ్లు ఆ రెండు భాషల్నీ చదివి చాలావరకు అర్థం చేసుకుంటారు. చిక్కల్లా ఆ ‘చాలావరకు’తోనే. నార్వే ఆసుపత్రి కాగితంలో పేషెంటు ‘రూలిగ్’ అని ఉంటే ప్రశాంతంగా ఉన్నాడని. స్వీడిష్‌లో అదే మాటకు సరదా మనిషి అని అర్థం! నవలల మీద మోజుంటే ఉండనివ్వండి, ఓస్లోలోని నోర్లా లాంటి సంస్థలు అనువాదాలకు గ్రాంట్లు ఇస్తాయి. కానీ దాంతో ఇంటి అద్దె కట్టగలిగేవాళ్లు చాలా తక్కువ.

ఇంకో మాట, మీకు నచ్చకపోవచ్చు. ఈ రంగంలో ఎవరైనా తమ సొంత భాషలోకే అనువదించాలన్నది ఆనవాయితీ. మీ అమ్మాయికి కోపం వస్తే ఏ భాషలో తిడుతుంది? స్వీడిష్‌లోనా? అయితే ఇంగ్లిష్ నుంచి స్వీడిష్‌లోకి చేయడమే ఆమెకు నప్పుతుంది. అక్కడ మాన్యువళ్లు, సాఫ్ట్‌వేర్, సబ్‌టైటిళ్ల పని కూడా ఉంటుంది.

కాబట్టి ఈ ఒక్క విషయంలో నేను మీవారి పక్షం, సగమే అనుకోండి. ఇంజినీరింగే కానక్కర్లేదు. లా అయినా, ఫార్మసీ అయినా ముందు ఒక సబ్జెక్టు చేతికి రానివ్వండి. తర్వాత స్టాక్‌హోమ్ యూనివర్సిటీలో అనువాద విద్యకంటూ ఒక ఇన్‌స్టిట్యూటే ఉంది. కమ్మార్‌కొల్లెగియెట్ అనే ప్రభుత్వ సంస్థ పరీక్ష పాసైతే అధీకృత అనువాదకురాలన్న గుర్తింపూ వస్తుంది.

ఈ వారాంతం ఒక పని చేయమనండి. మీ 1177 ఆరోగ్య సైట్‌లో ఇంగ్లిష్ వెర్షన్ కూడా ఉన్న పేజీ ఒకటి తీసుకుని, ఆ ఇంగ్లిష్ చూడకుండా స్వీడిష్ నుంచి అనువదించి, తర్వాత పక్కపక్కన పెట్టుకోవాలి. ఎన్ని గంటలు పట్టిందో కూడా రాసిపెట్టమనండి.