భర్త కార్డు అప్పు తీర్చడానికి భార్య లోన్ తీయాలా?

ప్రశ్న: మాది అంబర్‌పేట. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మా వారు జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తారు, చేతికి 42,000 వస్తుంది. రెండేళ్ల కిందట మా అత్తయ్య ఆపరేషన్‌కు క్రెడిట్ కార్డులు వాడటం మొదలుపెట్టారు. ఇప్పుడు మూడు కార్డుల మీద కలిపి 3,95,000 అయింది. ఒక కార్డు గీకి, దుకాణం అతనికి కమిషన్ ఇచ్చి, ఆ డబ్బుతో ఇంకో కార్డు మినిమమ్ కడుతూ వచ్చారట. నాకు ఈమధ్యే తెలిసింది. పోయిన నెల ఒక కార్డు కట్టలేకపోయారు. అప్పటి నుంచి ఒకటే ఫోన్లు. మా స్కూల్ ఆఫీసుకు కూడా చేశారు. 420 కేసు పెడతామని వాట్సాప్‌లో నోటీసు పంపారు. నా పే స్లిప్ మీద పర్సనల్ లోన్ తీసి అన్నీ కట్టేయమని మా ఆడపడుచు భర్త అంటున్నారు. నగలు కుదువ పెట్టమని అత్తయ్య, నేను కట్టే చీటీ పాడేద్దామని మా వారు. కొత్తగా ఒక్క రూపాయి అప్పు చేయకుండా బయటపడే దారి లేదా? ఆయన్ని జైలుకు పంపుతారా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ఈ జవాబు చదవడం పూర్తయ్యేలోపు ఎవరైనా లోన్ కాగితాలు తెచ్చి ముందు పెడితే సంతకం చేయకండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

ఈ అప్పు ఇవాళ్టికి మీ వారి ఒక్కరి పేరు మీదే ఉంది. తాకట్టు లేదు, షూరిటీ లేదు. భర్త వాడిన కార్డుకు భార్య బాకీ పడదు. మీరు ఎక్కడా హామీ సంతకం పెట్టలేదు కాబట్టి మీ జీతం, మీ పేరున ఉన్న చీటీ, మీ పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం, వీటి జోలికి వచ్చే హక్కు ఆ బ్యాంకులకు లేదు. మీ ఇంట్లో ఇచ్చిన మూడు సలహాలూ ఈ ఒక్క బలాన్నీ పోగొట్టేవే.

పర్సనల్ లోన్ మీ పేరున తీస్తే, ఆ డబ్బు ఎవరి కోసం ఖర్చయిందని ఏ బ్యాంకూ అడగదు. అప్పు మీది. ఇప్పుడు స్కూలుకు వస్తున్న ఫోన్‌కు మీరు జవాబు చెప్పక్కర్లేదు, అప్పుడు చెప్పాలి. పైగా నా దగ్గరకు రెండోసారి వచ్చే క్లయింట్లలో చాలామంది కథ ఇదే: లోన్‌తో కార్డులు ఖాళీ అయ్యాయి, ఏడాది తిరిగేసరికి మళ్లీ నిండాయి, లోన్ అలాగే ఉంది. నగలు కుదువ పెడితే తాకట్టు లేని అప్పు తాకట్టు ఉన్న అప్పు అవుతుంది. విడిపించుకోలేకపోతే వేలం. నిజంగా ఆ బంగారం ఇవ్వాలనే అనుకుంటే అమ్మండి. అమ్మడం అప్పు కాదు, కుదువ పెట్టడం అప్పు. (ఇవ్వమని మాత్రం నేను చెప్పడం లేదు.) ఇక చీటీ. పాడనంతవరకు అందులో ఉన్నది మీ పొదుపు. పాడిన రోజు నుంచి మిగిలిన వాయిదాలన్నీ మీరు కట్టాల్సిన బాకీ, దానికి షూరిటీలుగా బహుశా మీ తోటి టీచర్లే సంతకాలు పెట్టాలి. చీటీని అప్పని ఎవరూ అనుకోరు కానీ, పాడిన చీటీ అప్పే.

ఇప్పుడు మీ వారి లెక్క చూద్దాం. చాలా కార్డుల వడ్డీ నెలకు మూడున్నర శాతం దాకా ఉంటుంది. ఆ లెక్కన 3,95,000కు నెల వడ్డీ 13,825. దాని మీద 18 శాతం జీఎస్టీ 2,488. అంటే నెలకు సుమారు 16,300 ఉత్త వడ్డీకే పోతుంది. మినిమమ్ 5 శాతం అనుకుంటే కట్టాల్సింది 19,750. అది జేబులోంచి కడితే అసలు మూడు వేల చిల్లర తగ్గుతుంది. మీ వారు జేబులోంచి కట్టలేదు, ఇంకో కార్డు గీకి కట్టారు. కాబట్టి అప్పు తగ్గకపోగా నెల నెలా పదహారు వేలు పెరుగుతూ వచ్చింది, దుకాణం కమిషన్ దానికి అదనం. అందరూ దీన్ని రొటేషన్ అంటారు. సరుకు కొనకుండా కొన్నట్టు బిల్లు కొట్టి నగదు తీసుకోవడం కార్డు నిబంధనలకూ విరుద్ధమే. బ్యాంకు ఎప్పుడైనా ఆ లావాదేవీలను వేలెత్తి చూపవచ్చు. ఈ నెల నుంచి ఆ దుకాణం గడప తొక్కవద్దని చెప్పండి.

వడ్డీకి పరిమితి లేదా అంటే, ఏడాదికి 30 శాతం మించకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. వడ్డీ ఎక్కువని కోర్టుకు వెళ్లి తగ్గించుకోవచ్చని ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వకండి.

జైలు గురించి. కార్డు బిల్లు కట్టలేకపోవడం సివిల్ బాకీ, నేరం కాదు. కార్డు తీసుకునేటప్పుడు దొంగ పే స్లిప్పులు ఇవ్వడం లాంటి మోసం ఉంటే అది వేరే సంగతి. ఆ వాట్సాప్ నోటీసు తయారుచేసిన పెద్దమనిషికి తెలియనిదేమిటంటే, 2024 జులై 1 నుంచి ఆ 420 సెక్షన్ ఉన్న ఐపీసీయే (పాత శిక్షాస్మృతి) లేదు. మోసానికి ఇప్పుడున్నది భారతీయ న్యాయ సంహిత 318. పాత నమూనాలో పేర్లు మార్చి పంపుతూనే ఉన్నారు. సివిల్ డిక్రీ (బాకీ కట్టమని కోర్టు ఇచ్చే ఉత్తర్వు) వచ్చాక కూడా, కట్టే స్తోమత ఉండి కావాలని ఎగ్గొడితే తప్ప, లేనివాణ్ణి లేనందుకు జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. ఆ తీర్పు రాసినది జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్.

క్రిమినల్ కేసుగా మారే చోటు ఒకటుంది, అది చెక్కు. సెటిల్‌మెంట్ మాట్లాడదామని వచ్చినవాళ్లు ఖాళీ చెక్కు అడుగుతారు. మీ వారు గానీ మీరు గానీ ఇవ్వకండి. అది బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగివచ్చినా 2007 నాటి చెల్లింపుల చట్టం సెక్షన్ 25 కింద దాదాపు అదే ప్రమాదం. అందుకే కట్టలేని ఆటో డెబిట్‌ను గడువుకు ముందే రాతపూర్వకంగా రద్దు చేయించాలి.

సరే, బ్యాంకు కోర్టుకే వెళ్లిందనుకుందాం. గెలిచి జీతం జప్తు చేయించిందనుకుందాం. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. 42,000 మీద లెక్కేస్తే గరిష్ఠంగా 13,666 పట్టుకోగలరు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు పట్టుకున్నాక ఆ డిక్రీకి జీతం జప్తు ఆగిపోతుంది. పీఎఫ్‌ను అసలు జప్తు చేయలేరు. అంటే మీరు భయపడుతున్న ఆ చివరి దెబ్బ కూడా, ఇప్పుడు నెల నెలా వడ్డీకి పోస్తున్న 16,300 కన్నా తక్కువే. కోర్టుకు వెళ్లనివ్వండి అని చెప్పడానికి కాదు ఇది రాసింది. బ్యాంకుతో మాట్లాడేటప్పుడు మీ వారి గొంతు వణకకూడదని రాశాను.

మాట్లాడటం అంటే ఫోన్లో ఏజెంటుతో కాదు. మీ వారు మూడు బ్యాంకులకూ వేర్వేరుగా ఈమెయిల్ రాయాలి. ఆదాయం ఇంత, ఇంటి ఖర్చు ఇంత, నెలకు ఇంత కట్టగలను. కార్డు వెంటనే బ్లాక్ చేయండి. ఉన్న బాకీని తక్కువ వడ్డీకి స్థిర వాయిదాలుగా మార్చండి అని. ఇది కొత్త అప్పు కాదా అని మీకు అనుమానం రావచ్చు. కాదు, ఉన్న అప్పుకే వడ్డీ మారుతుంది. ఉదాహరణకు ఏడాదికి 18 శాతానికి 36 నెలలకు మారిస్తే మూడు కార్డులకూ కలిపి నెలకు సుమారు 14,300, పైన వడ్డీ మీద జీఎస్టీ. ఇప్పటి ఉత్త వడ్డీ కన్నా అది తక్కువ, మూడేళ్లకు బాకీ సున్నా. బ్యాంకు ఒప్పుకుని తీరాలన్న చట్టం లేదు. ఒక్కో బ్యాంకు ఒక్కోలా స్పందిస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో ముందే అడగండి. ‘సార్, దీంతోపాటు టాప్‌అప్ కూడా వస్తుంది’ అన్న మాట (అంటే ఇంకొంత కొత్త అప్పు) వినపడగానే ఫోన్ పెట్టేయమనండి.

ఇంకో ముఖ్యమైన సంగతి: మీ వారి జీతం పడే ఖాతా, కార్డు ఒకే బ్యాంకులో ఉన్నాయా? ఉంటే ఏదో ఒకటో తారీఖున జీతం పడీ పడగానే కార్డు బాకీకి జమ వేసుకునే వీలు బ్యాంకుకు ఉంటుంది. జీతం ఖాతాను వేరే బ్యాంకుకు మార్పించుకోమనండి. ఇందులో తప్పేమీ లేదు. అద్దె, పిల్లల ఫీజు, అత్తయ్యగారి మందులు ముందు, కార్డులు ఆ తర్వాత.

వాయిదాలకు ఒప్పుకోని కార్డు ఏదైనా మిగిలితే, దాని విషయంలో సెటిల్‌మెంట్ ఆలోచించవచ్చు. మినిమమ్ కట్టాల్సిన గడువు దాటి 90 రోజులైతే ఆ ఖాతా మొండిబాకీ లెక్కలోకి వెళుతుంది. సాధారణంగా తగ్గింపు మాటలు ఆ తర్వాతే మొదలవుతాయి. సగానికి సగం తగ్గిందని సంబరపడకండి. అలా కడితే సిబిల్ రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని పడుతుంది, రేపు ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడు అది కనపడుతుంది. అసలు మొత్తం కడతాం, పెనాల్టీలు, వడ్డీ మాఫీ చేసి ‘క్లోజ్డ్’ అని రాయండి అని ముందు అడగండి. నా అనుభవంలో కొన్నిసార్లు ఒప్పుకుంటారు. ఏది ఒప్పుకున్నా బ్యాంకు సొంత ఈమెయిల్ నుంచి ఉత్తరం రావాలి: కార్డు నంబరు, మొత్తం, తేదీ, ఇక బాకీ లేదన్న మాట. డబ్బు కార్డు ఖాతాకే కట్టాలి. ఏజెంటు ఫోన్‌పే నంబరుకు కట్టి, ఆ తర్వాత రసీదు కోసం తిరిగేవాళ్లను చూశాను. ముందే ఫీజు తీసుకుని ‘మీ అప్పు సగం చేస్తాం, అప్పటిదాకా ఫోన్లు ఎత్తకండి’ అనే కంపెనీలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాళ్లు చేసే పని పై ఈమెయిల్‌తో మీరే చేసుకోగలరు.

మీ స్కూలుకు ఫోన్ చేయడం తప్పు. 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ స్పష్టంగా చెప్పింది: ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు, బెదిరించకూడదు, కుటుంబ సభ్యుల, స్నేహితుల పరువు తీయకూడదు. ఫోన్ వచ్చిన తేదీ, సమయం, నంబరు ఒక నోటు పుస్తకంలో రాయండి, కాల్ రికార్డు చేయండి. వాటితో బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) ఆన్‌లైన్లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఇంటికి వచ్చి గొడవ చేస్తే అంబర్‌పేట పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి.

వాట్సాప్ నోటీసును తేలిగ్గా తీసేశాను కదా అని అన్ని కాగితాలనూ అలా తీసిపారేయకండి. కోర్టు సమన్లు వస్తే లాయర్‌ను కలవాలి. సమ్మరీ దావా (పూర్తి విచారణ లేకుండా త్వరగా తేల్చే దావా) అయితే హాజరుకు పది రోజులే గడువు. ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు చెప్పే పద్ధతి) నోటీసు వస్తే జవాబు ఇవ్వాలి. బ్యాంకు తనకు తానే నియమించుకున్న ఆర్బిట్రేటర్ చెల్లడని అభ్యంతరం చెప్పడానికి 2019 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉంది, కానీ అది చెప్పాలంటే ముందు నోటీసు విప్పి చదవాలి. లోక్ అదాలత్ పిలుపు వస్తే తప్పకుండా వెళ్లండి. అక్కడ కోర్టు ఫీజు లేదు, బ్యాంకు తరఫు మనిషి ఎదురుగా కూర్చుంటాడు, వాయిదాలు అక్కడే కుదురుతాయి. ఒకటే జాగ్రత్త: అక్కడ సంతకం చేసినది డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. నెలకు ఎనిమిది వేలే కట్టగలిగితే మొహమాటపడి పన్నెండు వేలకు ఒప్పుకోకూడదు.

బంధువులెవరో ‘ఐపీ పెట్టేయండి’ అని కూడా అంటారు, ఇంకా అనకపోతే త్వరలో అంటారు. 1920 నాటి దివాలా చట్టం ఇప్పటికీ ఉంది. కానీ పెడితే ఆస్తులన్నీ కోర్టు ముందు పెట్టాలి, వాటిని చేతిలోకి తీసుకోవడానికి కోర్టు పెట్టిన రిసీవర్ వస్తాడు, విడుదల ఉత్తర్వు దాకా ఏళ్లు పడుతుంది. నెల జీతం ఉండి నాలుగు లక్షల బాకీ ఉన్నవాళ్లకు నేను ఆ దారి చెప్పను.

లాయర్ ఫీజు గురించి బెంగ వద్దు. మహిళ కాబట్టి ఆదాయంతో పనిలేకుండా మీకు ఉచిత న్యాయ సహాయం వస్తుంది. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు దగ్గర న్యాయసేవాధికార సంస్థ ఉంది, లేదా 15100కు ఫోన్ చేయండి. మీ వారి తరఫున కేసు నడపాలంటే ఆయన ఆదాయం చూస్తారు. లోక్ అదాలత్‌కు మాత్రం ఆ పరిమితి లేదు, కేసు వేయకముందే మీ వారే అర్జీ పెట్టుకోవచ్చు. వెళ్లేటప్పుడు మూడు కార్డుల ఆరు నెలల స్టేట్‌మెంట్లు, మూడు పే స్లిప్పులు, ఆపరేషన్ బిల్లులు, ఆ ఫోన్ల నోటు పుస్తకం, బ్యాంకులకు పంపిన ఈమెయిళ్ల ప్రింట్లు తీసుకెళ్లండి. ఆ ఈమెయిళ్లు ఈ వారంలోనే వెళ్లాలి, కట్టలేకపోయిన కార్డుకు ముందు.